దీపాలకు ఫ్లడ్‌లైట్లు, రేవు దారికి చీకటి

అయ్యా,

కార్తీక పున్నమి మర్నాడు మీ జిల్లా ఎడిషన్‌లో మా ఊరి గోదావరి రేవు ఫొటో వేసి, దీపోత్సవం దేదీప్యమానంగా జరిగిందని పెద్ద అక్షరాలతో రాశారు. వారం దాటింది, ఆ పేపరు ఇంకా మా ఇంట్లో టీవీ పక్కనే ఉంది, చూసినప్పుడల్లా ఒళ్లు మండుతోంది. ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. ఆ ఫొటోలో దీపాలు ఎక్కడున్నాయో మీ విలేకరిగారు కాస్త వేలు పెట్టి చూపిస్తారా? నాకైతే వేదిక, దాని మీద కుర్చీలు, రెండు పక్కలా ఫ్లడ్‌లైట్లు, వెనకాల ఫ్లెక్సీలు కనిపించాయి. ఒక ఫ్లెక్సీలో శివుడు మూలన స్టాంపు బిళ్లంత ఉన్నాడు, మిగతాదంతా నాయకుడి నవ్వే.

నేను ఆ సాయంత్రం అక్కడే ఉన్నాను. పగలంతా ఉపవాసం ఉండి, 365 వత్తుల కట్ట ఆవునేతిలో నానబెట్టుకుని, అరటి దొప్పలు సంచిలో వేసుకుని ఐదున్నరకల్లా వెళ్లాం, నేనూ మా తోటికోడలూ. మెట్ల దగ్గర కర్రలు అడ్డం కట్టేశారు. ముఖ్య అతిథి వచ్చి మొదటి దీపం వెలిగించాకే మిగతావాళ్లని వదులుతారట! ఆయన వచ్చేసరికి ఏడూ ఇరవై. అప్పటికి చంద్రుడు బాగా పైకొచ్చి మమ్మల్ని చూస్తున్నాడు, మేం కానిస్టేబుల్ మొహం చూస్తున్నాం. ఆ తర్వాత ప్రసంగాలు, శాలువాలు, డీజే. తీరా మా వంతు వచ్చి నీళ్లలో దొప్ప వదిలితే, రెండు బారలు వెళ్లేసరికి అది వెలుగుతోందో కొండెక్కిందో తెలియలేదు, అంత తెల్లటి లైటు మరి. పున్నమి వెన్నెల్లో, నల్లటి నీళ్ల మీద ఎర్రగా కదిలిపోయే చిన్న మంట చూడటానికే కదండీ ఇంత దూరం నడిచి వెళ్లేది.

నడిచి వెళ్లడం అన్నాను కాబట్టి అదీ చెబుతాను. మెయిన్ రోడ్డు నుంచి రేవుకి దిగే సందులో నాలుగు స్తంభాలున్నాయి. వినాయక చవితికి ముందు నుంచీ ఒక్క బల్బూ వెలగడం లేదు. పున్నమికి ముందు సోమవారం, కార్తీక సోమవారం ఉపవాసంతోనే, అర్జీలు తీసుకునే చోట రెండు గంటలు క్యూలో నిలబడి కాగితం ఇచ్చి వచ్చాను. మూడో రోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కరించబడింది అని. ఆ సాయంత్రం అదే ఫోన్‌లో టార్చి వేసుకుని ఆ సందులోంచే నడిచాం. పరిష్కారం అంటే ఇదేనేమో.

ఇక మర్నాటి సంగతి మీ పేపర్లో రాలేదు. దీపాల లెక్క పెద్దగా కనబడాలని నిర్వాహకులు పంచిన థర్మకోల్ ప్లేట్లన్నీ ఒడ్డుకి కొట్టుకొచ్చి, గుర్రపుడెక్కకి చిక్కుకుని తేలుతున్నాయి. మెట్ల మీద ఒలికిన నూనెకి మట్టి, వత్తుల మసి కలిసి నల్లటి జిడ్డు. తెల్లారి స్నానానికి దిగిన మా తోటికోడలు మూడో మెట్టు మీద జారి పడింది, మణికట్టు ఎముక చిట్లి పిండికట్టు వేశారు. ఊడ్చడానికి ఇద్దరు ఆడవాళ్లని చీపుళ్లతో పంపారు, పాపం వాళ్లనేం అంటాం, నూనె జిడ్డు చీపురుతో పోతుందా? వేదిక మీద కూర్చున్నవాళ్లలో ఒక్కరైనా మర్నాడు పొద్దున్న వచ్చి చూశారా?

దీపావళీ అంతే. రాత్రి 8 నుంచి 10 వరకే టపాసులు కాల్చాలని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. మా వీధిలో ఒంటిగంటకి కూడా లడీలు పేలాయి. స్టేషన్‌కి ఫోన్ చేస్తే ‘పండగ కదమ్మా’ అన్నారు. మాకు తెలియని పండగా? చీకటి పడుతూనే గోగుపుల్లలకి నూనెగుడ్డలు కట్టి వెలిగించి, ‘దిబ్బు దిబ్బు దీపావళి, మళ్లీ వచ్చే నాగుల చవితి’ అంటూ పిల్లల చేత దివిటీలు కొట్టించి, కాళ్లు కడిగి నోట్లో తీపి పెట్టి లోపలికి తీసుకెళ్లేవాళ్లం. దానికి స్పాన్సర్లు అక్కర్లేదు.

2027లో గోదావరి పుష్కరాలు. 2015లో మొదటి రోజే రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతిక మందికి పైగా పోయారు. అయినా రేవు మెట్ల మీద జనాన్ని గంటన్నరకి పైగా గుమిగూడనిచ్చి నిలబెట్టవచ్చని మనవాళ్లకి ఇప్పటికీ ధైర్యమే.

ఇంకో వారం లోపే పోలి పాడ్యమి, అంటే కార్తీక అమావాస్య మర్నాడు. పోలి కథ తెలుసు కదా, అత్త నదికి వెంట తీసుకెళ్లకపోతే, పెరట్లో దొరికిన పత్తితో వత్తి చేసి, కవ్వానికి అంటిన వెన్న రాసి దీపం పెట్టి, ఎవరికీ కనబడకుండా బుట్ట బోర్లించింది. స్వర్గం నుంచి విమానం ఆ పిల్ల కోసమే వచ్చింది. అప్పుడు అత్తగారు ఆమె కాళ్లు పట్టుకుని వేలాడినట్టు, ఇప్పుడు ఈ ఫ్లెక్సీల వాళ్లు కార్తీక దీపం పట్టుకుని వేలాడుతున్నారు.

పోలి పాడ్యమికి తెల్లవారుజామున నాలుగింటికే ఆడవాళ్లం వస్తాం. ఆ వేళకి ముఖ్య అతిథులు ఎలాగూ లేవరు కాబట్టి వేదిక బాధ లేదు. సందులో నాలుగు బల్బులు వేయించి, మెట్లు ఒక్కసారి కడిగిస్తే చాలు. మీ ఫొటోగ్రాఫర్‌ని కూడా పంపండి, ఫ్లాష్ వాడొద్దని చెప్పండి. మూడో మెట్టు దగ్గర మాత్రం జాగ్రత్తగా దిగమనండి, ఆ నూనె ఇంకా అలాగే ఉంది.

ఇట్లు,
గోదావరి ఒడ్డు ఊరి పాఠకురాలు