ఈ తపస్సు కాలంలో మన సిలువ మార్గానికి చేయూతనివ్వండి

క్రీస్తునందు ప్రియమైన మన విచారణ (మన గుడి పరిధిలోని) కుటుంబాలకు, హైదరాబాదులోనూ కువైట్‌లోనూ ఉంటున్న మన ఊరి పిల్లలకు విచారణ సంఘం వందనాలు.

ఈస్టరుకు ముందు వచ్చే తపస్సు కాలం మొదలైన ఫిబ్రవరి 18, విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకుని వెళ్లాం. ఆ తర్వాత మినుము నూర్పిళ్లలో పడి సగం మందిమి శుక్రవారాలు గుడి ముఖమే చూడలేదు. ఇంతలో మార్చి 29న మ్రానికొమ్మల ఆదివారం, ఏప్రిల్ 3న పవిత్ర శుక్రవారం వచ్చేస్తున్నాయి. అందుకే ఈ ఉత్తరం కాస్త హడావిడిగా రాయాల్సి వచ్చింది.

గుడికి ఉత్తరం వైపు వసారా రేకులు మార్చాలి. మైకు సెట్టు బాగు చేయించాలి. పవిత్ర వారానికి కొవ్వొత్తులు, షామియానా, పాస్కా (ఈస్టరు) జాగరణ రాత్రికి లైటింగు ఉండనే ఉన్నాయి. వీటిని ఆదివారం కానుకలతో ఎలాగో నెట్టుకొస్తాం. మీ ముందు చేయి చాస్తున్నది గుడి ఆవరణలో మనం మొదలుపెట్టిన సిలువ మార్గం కోసం, అంటే ప్రభువు పాటుల్ని తీర్పు నుంచి సమాధి దాకా తలచుకుంటూ ఆగి ప్రార్థించే పద్నాలుగు స్థలాల కోసం.

గుడిలో ఉన్న పాత పటాలు మీకు తెలుసు. మన రేపల్లె వైపు ఉప్పుగాలికి ఇనుమే నిలవదు, ఇక కాగితం ఎంత! చట్రాలకు చెదలు పట్టాయి. ఆరో స్థలం దగ్గర ఒకసారి ఆగి చూడండి. ప్రభువు ముఖం తుడిచిన వెరోనికమ్మ చేతిలో గుడ్డ ఉంది, ఆ గుడ్డ మీద ఉండాల్సిన ప్రభువు ముఖం లేదు. చెమ్మ తినేసింది. మొన్న సిలువ మార్గం చేస్తుంటే ఒక చిన్నపిల్ల "తాతయ్యా, ఈమె ఎందుకు ఖాళీ గుడ్డ పట్టుకుంది?" అని పెద్దగా అడిగింది. మాకు నోట మాట రాలేదు.

అందుకని తెనాలి శిల్పుల దగ్గర పద్నాలుగు స్థలాలకూ సిమెంటు స్వరూపాలు (బొమ్మలు) చేయిస్తున్నాం. గేటు దగ్గర మొదలై, ప్రహరీ వెంట చుట్టూ తిరిగి, సమాధుల తోట పక్కన పద్నాలుగో స్థలంతో ముగుస్తుంది. యెరూషలేము వెళ్లి ప్రభువు నడిచిన దారిలో నడిచే స్తోమత ఎంతమందికి ఉంటుంది? వెళ్లలేనివాళ్ల కోసమే కదా, మన తల్లి శ్రీసభ (కతోలిక సంఘం) ఈ భక్తిని ఊరూరికీ తెచ్చింది. 12వ క్లెమెంట్ పోపు గారు 1731లో స్థలాలు పద్నాలుగని స్థిరపరచి, అన్ని గుళ్లలోనూ పెట్టుకోవచ్చని అనుమతి ఇచ్చారు. తపస్సు కాలం అయిదో ఆదివారం నుంచి గుడిలో సిలువలకూ స్వరూపాలకూ ఊదా గుడ్డలు కప్పినా, సిలువ మార్గం స్థలాలను మాత్రం కప్పం. ఆ రోజుల్లో మన కంటికి ఆనేవి అవే.

సంఘంలో అందరూ దీనికి ఒప్పుకున్నారని చెప్పను. "ముందు రేకుల సంగతి చూడవయ్యా" అని కోశాధికారి గారు ప్రతి మీటింగులోనూ అంటూనే ఉన్నారు. సిలువ మార్గానికి నియమం ప్రకారం కావలసినవి పద్నాలుగు కర్ర సిలువలేననీ, బొమ్మలు లేకపోయినా భక్తికి లోటు లేదనీ ఫాదర్ గారు కూడా గుర్తు చేశారు. నిజమే. అందుకే ప్రతి స్వరూపం పైనా ఒక టేకు సిలువ పెట్టిస్తున్నాం. అయితే ఒక్క మాట. చదువు రాని మా అమ్మమ్మలు సువార్తను నేర్చుకున్నది బొమ్మలు చూసే కదా? వసారా వానాకాలం దాకా ఆగగలదు. తపస్సు కాలం ఆగదు.

మన పెద్దవాళ్లు ఇంతకన్నా కష్టకాలంలో ఇంతకన్నా పెద్ద పనులు చేశారు. 1977 నవంబరు తుపానుకు గుడి పైకప్పు లేచిపోయింది. ఇళ్లు కూలిన వాళ్లు, పశువులు కొట్టుకుపోయిన వాళ్లు, అయినవాళ్లను పోగొట్టుకున్న వాళ్లు కూడా ఎసరులో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్కన పెట్టారు. ఆదివారం కొంగున మూటగట్టి తెచ్చి బలిపీఠం ముందు పోశారు. అలా పోగైన బియ్యం అమ్మిన డబ్బే ఇప్పటి కప్పుకు మొదటి పెట్టుబడి. ఆ తల్లుల మనవళ్లు ఇవాళ పెళ్లికి పూల తోరణాలకే ఎంత పోస్తున్నారో అందరం చూస్తున్నాం. క్రిస్మస్‌కు నక్షత్రాలు, బాణసంచా అంటే అడక్కముందే డబ్బు వస్తుంది. తపస్సు కాలం అనేసరికి జేబులు కూడా ఉపవాసం ఉంటున్నాయి.

ఇక లెక్క. ఒక్కో స్థలానికి 38 వేలు. దిమ్మెలు, రవాణా అదనం. మీరు ఇచ్చింది పోను దగ్గర దగ్గర మూడు లక్షలు తక్కువ పడుతోంది. పూర్తి వివరాలు గుడి నోటీసు బోర్డు మీద ఉన్నాయి. ఎనిమిది స్వరూపాలు తయారై తెనాలిలోనే ఉన్నాయి. మార్చి 13 లోగా బాకీలో సగమైనా కడితేనే లారీ ఎక్కిస్తానని శిల్పి అంటున్నారు. ఆయనను తప్పు పట్టలేం, ఆయనకూ కూలీలున్నారు. మార్చి 27 శుక్రవారం నాటికి నిలబెట్టాలని మా ఆశ.

ఒక్కో కుటుంబం ఒక్కో స్థలం తీసుకోమని అడిగాం. ప్రభువు సిలువ మీద ప్రాణం విడిచిన పన్నెండో స్థలానికి మూడు కుటుంబాలు పోటీ పడ్డాయి, తల్లిని కలుసుకున్న నాలుగో స్థలానికి రెండు. ప్రభువు కింద పడిన మూడు, ఏడు, తొమ్మిది స్థలాలను అడిగినవాళ్లు లేరు. పిలాతు ప్రభువుకు మరణ తీర్పు చెప్పిన మొదటి స్థలమైతే మరీను. పిలాతు బొమ్మ కింద మా ఇంటి పేరేమిటండీ అంటున్నారు! అయ్యా, అక్కడ ఉన్నది పిలాతు ఒక్కడే కాదు, ప్రభువు కూడా ఉన్నాడు. అయిదో స్థలాన్ని మాత్రం మన హమాలీ కుర్రాళ్లు కూలి డబ్బులోంచి తలా కొంత వేసుకుని తీసుకున్నారు. అక్కడ ప్రభువు సిలువ మోయడానికి సాయపడిన సిరేనియా సీమోను కూడా బరువు మోసినవాడే కదా అన్నారు. వాళ్లు మొదటి విడత కట్టేశారు. మేడలున్న మన పెద్దలకు ఇంతకన్నా ఏం చెప్పగలం?

పూర్తి స్థలం ఇవ్వలేనివారు సిమెంటు బస్తా ఇవ్వండి, దిమ్మెకు ఇటుకలు ఇవ్వండి, ఒక పూట పని చేసి వెళ్లండి. మాంసం, చేపలు మానుకున్న శుక్రవారాల్లో మిగిలిన డబ్బు మాత్రం ఇందులో వేయకండి. అది పేదలది, దాని పెట్టె మరియమాత స్వరూపం దగ్గర విడిగా ఉంది. ఈ విషయంలో ఫాదర్ గారు చాలా ఖచ్చితం, మేమూ అంతే.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మనవి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా మామూలుగా పంపవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు మాత్రం నేరుగా పంపకండి. అది విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, తర్వాత మాకు టెన్షన్. ముందు గుడి ఆఫీసుతో మాట్లాడండి.

ఫోన్‌పే చేసేవారు ఆఫీసు తలుపు మీద అంటించిన కోడ్‌కే చేయండి, ఇంకెవరి సొంత నంబరుకూ పంపవద్దు. ఎంత ఇచ్చినా రశీదు అడిగి తీసుకోండి. ఆదివారం రెండు పూజల తర్వాతా మేము వసారాలో బల్ల వేసుకుని కూర్చుంటాం. రేకులు కారే వైపు కాదు, ఇటువైపు. మూడు, ఏడు, తొమ్మిది స్థలాలకు ఇంకా పేర్లు రాయలేదు. మొదటిది సరేసరి.

ప్రభువునందు మీ
విచారణ సంఘం తరఫున, కార్యదర్శి