హంస మిగిలింది, డాల్ఫిన్లు అయిపోయాయి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల తేదీలు, సెలవుల జాబితా పక్క పేజీలో ఉన్నాయి. వాటి గురించి ఇక్కడ మళ్లీ రాయను. ఈ నెల నేను రాయాలనుకున్నది అరటిపండు డాల్ఫిన్ల గురించి.

పోయిన టర్మ్ చివర్లో చిన్న తరగతుల పిల్లలకు పార్టీ పెట్టాం కదా. కేకు, చిప్స్ ఎలాగూ ఉంటాయి, కొన్ని పండ్లు కూడా పంపమని మిమ్మల్ని అడిగాం. మీరు బాగానే పంపారు. వాటిలో యాపిల్‌తో చెక్కిన హంస ఒకటి వచ్చింది. పొరలు పొరలుగా రెక్కలు, వంపు తిరిగిన మెడ. ఎవరు చేశారో గానీ గొప్ప పనితనం. టీచర్లందరం దాని చుట్టూ చేరి ఫోటోలు తీసుకున్నాం. ఆ పక్క ప్లేటులో అరటిపండు డాల్ఫిన్లు ఉన్నాయి. ఒకదాని నోరు వంకర. ఇంకోదానికి రెండు కళ్లూ ఒకవైపే. ఆ ఉదయం ఒకటో తరగతి పిల్లలు క్లాసులో కూర్చుని తమ చేతులతో చేసుకున్నవి అవి.

పార్టీ మొదలైన కాసేపటికే డాల్ఫిన్ల ప్లేటు ఖాళీ అయింది. హంస మాత్రం సాయంత్రం దాకా అక్కడే ఉంది, రెక్కలు గోధుమ రంగుకు తిరిగిపోయాయి. "దాన్నెందుకు తినలేదురా?" అని ఒక పిల్లాణ్ణి అడిగితే, "అది బొమ్మ కదా మేడమ్, విరిగిపోతుంది" అన్నాడు.

వాడన్నదాంట్లో తప్పేం లేదు. పెద్దవాళ్ల మెప్పు కోసం చేసినదేదో, తమ కోసం చేసినదేదో పిల్లలకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే వచ్చే పార్టీకి నా విన్నపం ఒక్కటే. పండ్లతో చేసేది ముద్దుగా ఉండాలి, కానీ రెండు మూడు కాట్లలో అయిపోవాలి. వీలైతే సగం పని పిల్లలకే వదిలేయండి.

ఆ డాల్ఫిన్ ఎలా చేయాలని చాలామంది అడిగారు. మరీ పండిపోని అరటిపండును తొక్కతోనే శుభ్రంగా కడిగి, తుడిచి, అడ్డంగా సగానికి కోయండి. మనకు కావాల్సింది తొడిమ ఉన్న సగం. తొడిమను నిలువుగా మధ్యకు చీలిస్తే అదే నోరు. ఆ నోట్లో చిన్న పండు ముక్క ఒకటి ఇరికిస్తే, చేపను పట్టుకున్నట్టు ఉంటుంది. పక్కల తొక్కను కాస్త చీరి బయటికి లాగితే రెక్కలు. కళ్లకు తొక్క మీద పెన్నుతో రెండు చుక్కలు పెడితే చాలు, తొక్క ఎలాగూ తినరు కదా. చిన్న కప్పులో పుచ్చకాయ ముక్కలో, బొప్పాయి ముక్కలో నింపి, డాల్ఫిన్‌ను అందులో నిలబెట్టండి. నీళ్లలోంచి ఎగిరినట్టే ఉంటుంది. ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఏమిటంటే, తొక్క తీయం కాబట్టి పండు నల్లబడదు. కోసిన వైపు కప్పులో దాగిపోతుంది. చాకు పట్టే పని పెద్దవాళ్లది, మిగతాదంతా ఆరేళ్ల పిల్లలు చేసేయగలరు.

హంస రంగు మారడానికి కారణం కూడా చెప్పేస్తాను, ఇది ఏడో తరగతి పిల్లలకు సైన్స్ పాఠంలా పనికొస్తుంది. యాపిల్, పియర్, అరటి లాంటి పండ్లను కోసినప్పుడు లోపలి కణాలు చితికి, పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్‌కు గాలిలోని ఆక్సిజన్ తగులుతుంది. గోధుమ రంగు దాని పనే. ఆ ఎంజైమ్‌కు పులుపు పడదు. ఒక కప్పు నీళ్లలో ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం కలిపి, ముక్కలను మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి తీస్తే చాలాసేపు తెల్లగా ఉంటాయి. నిమ్మ పులుపు వద్దనుకునే పిల్లలకు నారింజ రసంలో ముంచినా కొంత పని చేస్తుంది. ఎలా చేసినా పార్టీకి కాసేపు ముందు కోయడమే మేలు. ముందురోజు రాత్రి కోసి పెట్టి, తెల్లారి ఫోన్ చేసి "మేడమ్, అన్నీ నల్లబడ్డాయి, ఏం చేయాలి?" అని టెన్షన్ పడేవాళ్లు ప్రతిసారీ ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు నా జవాబు ఎప్పుడూ ఒకటే. సరిగ్గా ఫ్రిజ్‌లోనే పెట్టి ఉంటే రుచికేమీ కాలేదు, మిక్సీలో వేసి స్మూతీ చేసి పంపేయండి.

అన్నిటికన్నా సులువైనవి ప్లేటు మీద పడుకోబెట్టి చేసే బొమ్మలు. పుల్లలతో గుచ్చే పని ఉండదు, పడిపోతుందన్న భయమూ ఉండదు. అరటి చక్రాలు, కివి చక్రాలు ఒకటి విడిచి ఒకటి వంకరటింకరగా పేర్చితే గొంగళిపురుగు. నారింజ తొనలు రెండు వీపు వీపు కలిపి పెట్టి, మధ్యలో సన్నటి అరటి ముక్క పెడితే సీతాకోకచిలుక. సగం కివిని బోర్లించి, నాలుగు కాళ్లు, ఒక తల తగిలిస్తే తాబేలు. పుచ్చకాయను వేలు మందాన పలకల్లా కోసి, గింజలు తీసి, కుక్కీ కట్టర్‌తో నొక్కితే నక్షత్రాలు, చేపలు, చందమామలు వస్తాయి. కట్టర్ నొక్కడం మూడేళ్ల పిల్లలకు కూడా మహా సరదా. మిగిలిన అంచులు పారేయకండి, డాల్ఫిన్ కప్పులు నింపడానికి అవే వాడుకోవచ్చు. ముక్కలు ఒకదానికొకటి అతకాలంటే గట్టి పెరుగు చాలు. వేరుశనగ వెన్న బాగా అతుకుతుంది, నిజమే. కానీ బడికి మాత్రం వద్దు. ఎందుకో కింద రాస్తాను.

ఎండాకాలం పార్టీలకు ఇంకొకటి. అరటిపండు తొక్క తీసి, సగానికి కోసి, ఐస్‌క్రీమ్ పుల్ల గుచ్చి, గట్టి పెరుగులో ముంచి రెండు మూడు గంటలు ఫ్రీజర్‌లో పెడితే సరిపోతుంది. పెరుగు గడ్డకట్టకముందే పైన ఎండుద్రాక్షను చిన్న ముక్కలుగా కోసి కళ్లు, చిరునవ్వు పెడితే చిన్న దెయ్యం పిల్లలు తయారు. పెరుగుకు బదులు కరిగించిన చాక్లెట్‌లో ముంచాలంటే పండును ముందు బాగా తుడవాలి. చాక్లెట్‌లో నాలుగు నీటి చుక్కలు పడ్డా అది గరుకుగా బిగుసుకుపోతుంది.

ఇక నా సొంత పరువు పోయిన కథ. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పిల్లల పుట్టినరోజుకి నారింజ పడవలు చేద్దామనుకున్నాను. నారింజను సగానికి కోసి, గుజ్జు తీసేసి, ఆ డిప్పల్లో జెల్లీ పోసి, గట్టిపడ్డాక ముక్కలుగా కోస్తే రంగురంగుల పడవల్లా ఉంటాయి. ఊరికే ఉండలేక అందులో తాజా అనాస ముక్కలు వేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా జెల్లీ గడ్డకడితే ఒట్టు. పొద్దున చూస్తే పన్నెండు డిప్పల్లోనూ తీపి నీళ్లే. జెల్లీ పొడి పాతదేమోనని కొట్టువాణ్ణి తిట్టుకున్నాను కూడా, పాపం. తర్వాత తెలిసింది, తప్పు అనాసది. అందులో బ్రోమలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. జెల్లీని గట్టిపరిచే జెలటిన్ ఒక ప్రోటీన్, బ్రోమలైన్ దాన్ని ముక్కలు చేసేస్తుంది, ఇక అది గట్టిపడలేదు. కివి, బొప్పాయిల్లోనూ ఇలాంటి ఎంజైమ్‌లే ఉన్నాయి. డబ్బాలో వచ్చే అనాసను ముందే వేడి చేస్తారు కాబట్టి దాంతో ఈ ఇబ్బంది ఉండదు. లేదా జెలటిన్ బదులు అగర్ అగర్ వాడండి. అది సముద్రపు నాచు నుంచి వస్తుంది, ప్రోటీన్ కాదు, కాబట్టి ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. అన్నట్టు, తాజా కివిని పెరుగులో కలిపి ఎక్కువసేపు ఉంచితే చేదెక్కుతుంది. కారణం ఇదే. తినే ముందు కలపండి.

ఇప్పుడు కాస్త గట్టిగా చెప్పాల్సిన విషయం. ద్రాక్ష.

ద్రాక్షపండు గుండ్రంగా, నున్నగా, సరిగ్గా చిన్నపిల్లల గొంతులో ఇరుక్కునే కొలతలో ఉంటుంది. ఇరుక్కుంటే బిరడా కొట్టినట్టు గాలి ఆగిపోతుంది. అందుకే ఐదేళ్ల లోపు పిల్లలకు ద్రాక్షను నిలువుగా నాలుగు ముక్కలు చేసే ఇవ్వాలి. అడ్డంగా రెండు ముక్కలు చేస్తే చాలదు, అలా కోసినా ముక్క ఇంకా గుండ్రంగానే ఉంటుంది. చెర్రీ టమాటాలకూ ఇదే పద్ధతి. పుచ్చకాయను గుండ్రటి గరిటెతో ముత్యాల్లా తీసి పెడితే చూడముచ్చటగా ఉంటుంది గానీ, అవి కూడా గోళీల్లాంటివే. వాటినీ ముక్కలుగా కోయండి. ఉడికించని యాపిల్ గట్టిది, నర్సరీ పిల్లలకు పలుచటి రేకుల్లా కోసి పంపండి. గింజపప్పులు, పాప్‌కార్న్, మార్ష్‌మాలో ఆ వయసు పిల్లల ప్లేటులో వద్దు.

టూత్‌పిక్‌లు కూడా వద్దు. యాపిల్ ముక్కకు ద్రాక్ష చక్రాలు గుచ్చి చేసే కారు ఎంత బాగుంటుందో నాకు తెలుసు. ఆ కారు పెద్ద తరగతులకు పంపండి. చిన్నవాళ్లకైతే ప్లేటు మీద పడుకోబెట్టిన కారు చాలు. ఇంకో మాట, మా బడిలో ఇకమీదట తిండి, ఆటలు ఒకేసారి ఉండవు. కుర్చీలాట మధ్యలో నోట్లో పండు ముక్క వేసుకుని పరిగెత్తే పిల్లల్ని పోయినసారి నేనే కనీసం నలుగురిని ఆపాను. ముందు కూర్చుని తినడం, తర్వాతే ఆట.

వేరుశనగ సంగతి. మా తరగతుల్లో వేరుశనగ, గింజపప్పుల అలర్జీ ఉన్న పిల్లలు ఉన్నారు. నువ్వులు పడనివాళ్లూ ఉన్నారు, అందుకే కళ్లకు నల్ల నువ్వులు పెట్టవద్దని అంటున్నాను. కివి, స్ట్రాబెర్రీ తింటే నోరు దురద పెట్టే పిల్లలూ ఉంటారు. మీరు పంపే డబ్బా మీద అందులో ఏమేం ఉన్నాయో చిన్న కాగితం మీద రాసి అంటించండి. పార్టీకి ఏడాది లోపు తమ్ముణ్ణో చెల్లినో వెంటబెట్టుకొస్తే, తేనె రాసిన పండు వాళ్ల నోట్లో పెట్టకండి. తేనెలో ఉండగల ఒక రకం బ్యాక్టీరియా వల్ల ఆ వయసు పిల్లలకు బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

పండ్లను కోయకముందే కడగండి, తొక్క తీసేవైనా సరే. పుచ్చకాయ తొక్క మీది మురికిని చాకు లోపలి గుజ్జులోకి తీసుకెళ్తుంది. సబ్బు అక్కర్లేదు, ధారగా పడే నీళ్లలో చేత్తో బాగా రుద్దితే చాలు. కోసిన పండును బయట రెండు గంటలకు మించి ఉంచకూడదు, వేడి 32 డిగ్రీలు దాటితే గంటే.

"మా వాడు పండు ముట్టనే ముట్టడు మేడమ్, డాల్ఫిన్ చేస్తే తింటాడా?" అని ఒక అమ్మ అడిగారు. తినకపోవచ్చు. కొత్త తిండిని అనుమానంగా చూడడం రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా మామూలే. ఒక కొత్త రుచి అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు దాన్ని చూసి, వాసన పీల్చి, కొరికి ఉమ్మేసి ఉండాలి. ముచ్చటైన ఆకారం ఆ మొదటి కాటు వేయించగలదు, అంతే. రెండో కాటు రుచి చూసుకుంటుంది. "పండు తింటేనే కేకు" అని మాత్రం అనకండి. అలా అంటే పండు శిక్షగా, కేకు బహుమతిగా మారిపోతుంది. రెండూ ఒకే బల్ల మీద పెట్టి ఊరుకోండి. ఏ పండు తింటారో వాళ్లనే ఎంచుకోనివ్వండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు రోజుకు కనీసం 250 గ్రాములు, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు 350 గ్రాములు పండ్లు, కూరగాయలు కలిపి కావాలి. ఒక డాల్ఫిన్, నాలుగు పుచ్చకాయ చేపలతో ఆ లెక్క తీరదు, తీరాలని నేనూ ఆశపడడం లేదు. పార్టీ పార్టీయే.

వచ్చే పార్టీ రోజున ఒకటి, రెండు తరగతుల తల్లిదండ్రులు కోసిన పండ్లు కాకుండా పండ్లను అలాగే పంపండి. పిల్లలే క్లాసులో కడిగి, తొక్క తీసి, పేర్చుకుంటారు. మూడో తరగతి నుంచి ఇంట్లో చేసినవి తేవచ్చు. చాకు పని చేసిపెట్టడానికి ప్రతి తరగతికి ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. నాన్నలు, తాతయ్యలు కూడా రావచ్చు. పోయినసారి వచ్చిన ఒకే ఒక్క తాతయ్య అరగంటలో మూడు పుచ్చకాయల పని పూర్తి చేసి, టీచర్లకు చాకు పట్టడం నేర్పి వెళ్లారు. పేర్లు క్లాస్ టీచర్‌కు ఇవ్వండి.

ఆఖరుగా, ఆ హంస తెచ్చిన నీలం మూత డబ్బా ఇంకా ఆఫీసులోనే ఉంది. దాని మీద పేరు లేదు. అది ఎవరిదైనా సరే, వచ్చి తీసుకెళ్లండి. వచ్చినప్పుడు ఒక గంట ఉండి, ఐదో తరగతి పిల్లలకు ఆ రెక్కలు ఎలా కోశారో చూపించి వెళ్తే ఇంకా సంతోషం. యాపిల్స్ మేం తెప్పిస్తాం.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు