డెబియన్ స్టేబుల్‌లో నడుస్తుందని అమ్మారు, కెమెరా నడవడం లేదు

హనుమకొండ,
12 మార్చి 2025.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. పోయిన నవంబర్‌లో మీ ఆన్‌లైన్ స్టోర్‌లో విండోస్ లేని ల్యాప్‌టాప్ ఒకటి 64 వేలకు కొన్నాను. అదే ధరకు వేరే కంపెనీలవి దొరుకుతున్నా మీదే తీసుకోవడానికి కారణం మీ పేజీలో ఉన్న ఒక్క వాక్యం: విండోస్‌కు బదులు వాడే లినక్స్ సిస్టమ్‌లైన ఉబుంటుకూ, డెబియన్ స్టేబుల్‌కూ హార్డ్‌వేర్ సపోర్ట్ ప్యాకేజీ ఇస్తామని. ఆ పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు నకలు ఈ లేఖకు జత చేశాను.

నేను కొన్నప్పుడు స్టేబుల్ అంటే డెబియన్ 12, నేను వాడేది అదే. చాలావరకు ఇబ్బంది లేకుండానే నడిచింది. ఈ వెర్షన్ నుంచి ఫర్మ్‌వేర్ (వైఫై చిప్ లాంటి భాగాలు నడవడానికి కావలసిన ప్రోగ్రామ్) ఇన్‌స్టాలర్‌లోనే వస్తోంది కాబట్టి వైఫై మొదటి నిమిషంలోనే అందుకుంది. సౌండ్, సస్పెండ్ బాగున్నాయి. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగడానికి మీ ప్యాకేజీలో ఒక టూల్ పెట్టారు గానీ, దాని అవసరమే లేదు. కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) చూపించే ఫైల్లో 80 అని రాస్తే సరిపోయింది.

పనిచేయనిది కెమెరా ఒక్కటే. కానీ నాకు కావలసిందే అది. డల్లాస్‌లో ఉన్న మనవాళ్ల పిల్లలకు ఆన్‌లైన్‌లో తెలుగు చెబుతాను. ఇక్కడ శనివారం పొద్దున ఆరున్నర అయితే వాళ్లకు శుక్రవారం రాత్రి. నోరు ఎలా తిప్పాలో చూపించకుండా 'ళ' పలకడం నేర్పడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. బయటి వెబ్‌క్యామ్ ఒకటి కొనేదాకా పిల్లలు నల్లటి తెరతోనే మాట్లాడారు.

ఈ కెమెరా మామూలు యూఎస్‌బీ కెమెరా కాదు. ప్రాసెసర్‌లోని ఐపీయూ6 అనే భాగం ద్వారా పనిచేసే రకం. దీనికి డ్రైవర్, ఫర్మ్‌వేర్‌తో పాటు సెన్సర్ పంపే ముడి డేటాను బొమ్మగా మార్చే లైబ్రరీ కూడా కావాలి. డెబియన్ 12లోని 6.1 కెర్నెల్‌లో ఆ డ్రైవర్ లేదు. అసలు కెర్నెల్‌లోకి అది వచ్చిందే 2024 జులైలో, 6.10తో. అందువల్ల మీ ప్యాకేజీయే నాకు దిక్కు.

ఆ ప్యాకేజీ ఇన్‌స్టాల్ కాలేదు. ఫైలు పేరులో డెబియన్ అని ఉంది గానీ, విప్పి చూస్తే లోపలున్నదంతా ఉబుంటు 24.04 సరుకే. లినక్స్-హెడర్స్-జెనరిక్ అనే ప్యాకేజీ కావాలని అడుగుతోంది. అది ఉబుంటు పేరు, డెబియన్‌లో లినక్స్-హెడర్స్-ఏఎండీ64 అంటారు. లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 అనే లైబ్రరీ కూడా కావాలంది. 2038లో 32 బిట్ మెషీన్లలో తేదీల లెక్క తప్పకుండా చేసిన మార్పుల వల్ల వచ్చిన పేరది. 64 బిట్‌లో పేరు తప్ప ఏమీ మారలేదు, ఆ పేరు డెబియన్ 12లో లేనే లేదు. అంటే ఆ ప్యాకేజీని డెబియన్ 12 ఉన్న మెషీన్‌లో మీవాళ్లు ఒక్కసారైనా ఇన్‌స్టాల్ చేసి చూడలేదు. చూసి ఉంటే మొదటి నిమిషంలోనే తెలిసేది.

మీ సపోర్ట్‌కు రాశాను. తొమ్మిది రోజుల తర్వాత జవాబొచ్చింది: ఉబుంటు రిపాజిటరీని, అంటే వాళ్ల ప్యాకేజీల భాండారాన్ని, నా సోర్సెస్ లిస్ట్‌లో చేర్చుకోమని. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోమన్నట్టుంది. ఆ ఒక్క లైను చేరిస్తే తర్వాతి అప్‌గ్రేడ్‌లో సిస్టమ్‌లో సగం డెబియన్, సగం ఉబుంటు అవుతుంది. ఇలాంటి కలగాపులగాన్ని డెబియన్ వాళ్లే ఫ్రాంకెన్‌డెబియన్ అంటారు, చేయొద్దని రాసి మరీ పెట్టారు. నాకు తెలుసు కాబట్టి ఆగాను. తెలియని కస్టమర్‌కు ఇదే సలహా ఇచ్చి ఉంటే అతని మెషీన్ ఏమై ఉంటుందో! రెండో జవాబు ఇంకా చిన్నది: సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను అడ్డుకునే రక్షణ) ఆపేసి చూడండి. డిపెండెన్సీలకూ, అంటే ఒక ప్యాకేజీకి కావలసిన మిగతా ప్యాకేజీలకూ, సెక్యూర్ బూట్‌కూ ఏం సంబంధమో రాయలేదు.

చివరికి ఒక ఆదివారమంతా నేనే కూర్చున్నాను. ప్యాకేజీకి ఏమేం కావాలో రాసి ఉండే కంట్రోల్ ఫైల్లో ఆ పేర్లు మార్చి ప్యాకేజీని మళ్లీ కట్టాను. కెర్నెల్‌కు తగ్గట్టు డ్రైవర్లను కట్టే డీకేఎంఎస్ అనే టూల్ మీ డ్రైవర్‌ను 6.1 కెర్నెల్ మీద ఏ గొడవా లేకుండా బిల్డ్ చేసింది. సెక్యూర్ బూట్ ఆపకుండానే, డ్రైవర్ మీద సంతకం చేసిన కీని అందులో చేర్చుకుని, రీబూట్‌లో వచ్చే నీలం తెర మీద పాస్‌వర్డ్ కొడితే డ్రైవర్ లోడ్ అయింది. లాగ్‌లో సెన్సర్ పేరు కనిపించగానే మా ఆవిడను పిలిచి చూపించాను కూడా. కెమెరా తెరిస్తే మాత్రం ఎర్రర్: ముడి డేటాను బొమ్మగా మార్చే మీ లైబ్రరీకి జీలిబ్‌సీ (దాదాపు ప్రోగ్రామ్‌లన్నీ ఆధారపడే మూల లైబ్రరీ) 2.38 కావాలట. డెబియన్ 12లో ఉన్నది 2.36. బొమ్మగా మార్చే ఆ లైబ్రరీ సోర్స్ మీరివ్వలేదు కాబట్టి అక్కడ నేను చేయగలిగిందేమీ లేదు.

మీరు చేయగలిగింది ఉంది, అదేమంత పెద్ద పనీ కాదు. ఆ లైబ్రరీని డెబియన్ 12 కంటైనర్‌లో, అంటే మీ మెషీన్‌లోనే విడిగా నడిచే డెబియన్ 12లో, ఒకసారి బిల్డ్ చేయండి. లేదా ఉబుంటు 22.04 కోసం మీరు ఇదివరకు ఇచ్చి, జనవరిలో పేజీ నుంచి తీసేసిన పాత ప్యాకేజీని తిరిగి పెట్టండి. 22.04లో ఉన్నది జీలిబ్‌సీ 2.35. పాతదాని మీద కట్టింది కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద కట్టింది పాతదాని మీద నడవకపోవచ్చు. వెర్షన్లు కదలకుండా ఉంటాయనే కదా మేం స్టేబుల్ వాడేది. కొత్త వెర్షన్ వచ్చేదాకా ఆగమని మాత్రం చెప్పకండి. నేను డబ్బు కట్టింది ఈ వెర్షన్‌కు ఇచ్చిన మాట చూసి.

రెండు వారాల్లో పనిచేసే ప్యాకేజీ పంపండి. కుదరదంటే ల్యాప్‌టాప్ వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వండి. ఈలోగా వాడుకోవడానికి కొన్న యూఎస్‌బీ వెబ్‌క్యామ్ ఖర్చు 1,850 రూపాయలు ఎలాగూ ఇవ్వాలి, దాని బిల్లూ జత చేశాను. మీ పేజీలోని డెబియన్ మాటను అప్పటిదాకా తీసేయడం మర్యాద. ప్యాకేజీ గానీ డబ్బు గానీ రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి, ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే వేయొచ్చు, ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు.

నేను మార్చిన కంట్రోల్ ఫైలు, బిల్డ్ లాగ్, ఎర్రర్ లాగ్ మూడూ పంపుతున్నాను. మళ్లీ సెక్యూర్ బూట్ ఆపమని రాసే ముందు, వాటిని ప్యాకేజీ కట్టే ఇంజనీర్ గారికి ఒకసారి చూపించండి.

ఇట్లు,
మీ కస్టమర్

జత చేసినవి: బిల్లులు రెండు, స్క్రీన్‌షాట్ ఒకటి, ఫైళ్లు మూడు.