పాత ఫ్యాషన్లకు ఇకపై ఆది జాకెట్టు కొలత తీసుకోము

చెన్నై వడపళనిలోని మా కుట్టు దుకాణాన్ని ఇన్నేళ్లుగా ఆదరిస్తున్న మీకందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటి తేదీ నుంచి మా దగ్గర ఒక పద్ధతి మారుతోంది. మీ కాలేజీ రోజులనాటి బుట్ట చేతుల జాకెట్లు, లంగా ఓణీలు, చూడీదార్లు, బెల్‌బాటం ప్యాంట్ల వంటివి మళ్లీ కుట్టించుకోదలచినప్పుడు, అప్పటి ఆది జాకెట్టును గానీ, పాత ప్యాంటును గానీ కొలతగా తీసుకోము. అయినా వాటిని, అప్పటి ఫొటోలను తప్పకుండా తీసుకురండి. మెడ ఎంత లోతు, చేతికి ఎన్ని కుచ్చులు, అంచు ఎంత వెడల్పు అన్నవి వాటిని చూసే తెలుసుకుంటాము. కొలతలు మాత్రం కొత్తగా మీ ఒంటిమీదే తీసుకుంటాము, ఒక ట్రయల్ తప్పనిసరిగా చేస్తాము. దీనివల్ల కుట్టుకూలి కొంత పెరుగుతుంది, బట్టలు అందడానికి ఇంతకుముందుకన్నా ఒక వారం ఎక్కువ పడుతుంది. మీ డబ్బుకు, మీ సమయానికి సంబంధించిన మార్పు కాబట్టి కారణాలు దాచకుండా చెప్పడం నా బాధ్యత.

ఈ తరహా పని కొంతకాలంగా బాగా పెరిగింది. తెలుగు చిత్రాలు ఎక్కువగా ఈ కోడంబాక్కం ప్రాంతంలోనే తయారైన రోజుల్లో పెరిగినవారు మా కస్టమర్లలో చాలామంది ఉన్నారు. 1970లలో వాణిశ్రీ గారి ముడిని, చీరకట్టును చూసి అలాగే తయారైన ఆడపిల్లలు ఇప్పుడు మనవరాళ్లను వెంటబెట్టుకుని వస్తున్నారు. వారి తరువాతి తరంవారు 80లు, 90లనాటి బుట్ట చేతులు, ఓణీలు అడుగుతున్నారు. కావలసింది చెప్పిన వెంటనే గొంతు తగ్గించి, “ఈ వయసులో నాకు నప్పుతుందంటారా?” అని అడగనివారు అరుదు. నప్పుతుందనే నా జవాబు. పాత ఫ్యాషన్‌లో ఏదో ఒక్కటి తీసుకుని మిగతావన్నీ ఇప్పటివే వేసుకోమని చాలామంది సలహా ఇస్తారు గానీ, నేను దాన్ని ఒప్పుకోను. తల నుంచి కాలి వరకు ఆనాటి తీరునే కోరుకునేవారికి అలాగే కుట్టి ఇస్తాను. నా అనుభవంలో నప్పకుండా చేసేది పాత కొలతే.

ఇటీవల అన్నానగర్ నుంచి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు తన డిగ్రీ చదువునాటి తెల్ల వాయిలు జాకెట్టును పాత దిండు గలీబులో చుట్టి తెచ్చారు. దాని బుట్ట చేతులు ఇప్పటికీ చక్కగా ఉన్నాయి. దానినే కొలతగా పెట్టుకుని చుట్టూ కొంచెం వదులు చేసి కుట్టమన్నారు, ఆవిడ మాట మీద అలాగే కుట్టాము. వేసుకుని చూస్తే చేతి పట్టీ కండరాన్ని నొక్కుతోంది, కుచ్చులు భుజం మీద నిలబడకుండా వీపువైపు వాలుతున్నాయి, చెయ్యి పైకెత్తగానే జాకెట్టు మొత్తం పైకి లేస్తోంది. ఆవిడ అద్దంలో చూసుకుని, “నాకిప్పుడు ఇవన్నీ ఎందుకులేమ్మా, తీసెయ్యి” అన్నారు. లోపం పాత కొలతది, ఆవిడ మాత్రం దాన్ని తన వయసు మీద వేసుకున్నారు. చేతులు విప్పి, కుచ్చుల మధ్య భాగాన్ని అర అంగుళం ముందుకు జరిపి, పట్టీని క్రాస్‌గా, అంటే నేతకు ఏటవాలుగా కోసి, దాని కింద ఒక హుక్కు పెట్టాము. మళ్లీ వేసుకున్నప్పుడు ఆవిడ రెండు చేతులూ పైకెత్తి, తల వెనుక ముడి సరిచేసుకుని, ఇంకొక రంగులో కూడా కావాలన్నారు.

ఆ అర అంగుళం ఎందుకు అవసరమైందో కొంచెం చెప్పాలి. ఇరవై ఏళ్లప్పటి బరువే ఇప్పటికీ ఉన్నవారికి కూడా పాత జాకెట్టు సరిగా కూర్చోదు. వయసుతోపాటు భుజాలు కాస్త ముందుకు వంగుతాయి, వీపు పై భాగం గుండ్రబడుతుంది, ఛాతీ కిందికి జారుతుంది, నడుము మందమవుతుంది. అందువల్ల వీపు పొడవు పెరగాలి, డాట్ల (ఛాతీ దగ్గర ఆకారం కోసం వేసే మడత కుట్ల) కొన కిందికి దిగాలి, చంక దగ్గర కోత మారాలి. పక్క కుట్లు విప్పి వదులు చేసినంత మాత్రాన వీటిలో ఒక్కటి కూడా సరికాదు. లోపల ఎంత గుడ్డ వదిలిపెట్టినా అది వెడల్పుకే పనికొస్తుంది. ఈ విషయం ముందే చెప్పకపోతే, వదులు చేయించుకున్న తరువాత కూడా పట్టేస్తున్న జాకెట్టును చూసి మనిషి తన ఒంటినే తప్పుపట్టుకుంటుంది. ఆ బాధ ఎవరికీ మా దుకాణంలో కలగకూడదన్నదే ఈ నిర్ణయానికి అసలు కారణం.

లంగా ఓణీకి వస్తే, ఆనాటి కుచ్చిళ్లన్నీ నడుము దగ్గరే గుమిగూడి ఉండేవి. సన్నని నడుముకు అది అందం. నడుము మందమైనవారికి అక్కడే బరువు కనబడుతుంది. సాదా గుడ్డయితే పైన సన్నగా, కింద వెడల్పుగా ఉండే కలీలుగా కోసి కుట్టవచ్చు. అంచున్న పట్టును అలా కోస్తే అంచు వంకరపోతుంది కాబట్టి, నడుము నుంచి తుంటి వరకు కుచ్చిళ్లు లేని పట్టీ వేసి, దాని కిందినుంచి కుచ్చిళ్లు మొదలుపెడతాము. జాకెట్టు పొడవు రెండంగుళాలు పెంచమంటారా అని నేనే అడుగుతాను. వద్దంటే పెంచను.

గుడ్డ విషయంలో మాత్రం కొంత పట్టుబడతాను. ఆ రోజుల్లో అందరూ వేసుకున్న మెరిసే పాలియెస్టరే కావాలని కొందరు అడుగుతారు. సాధారణ వాతావరణంలో నూలు తన బరువులో సుమారు 7 నుంచి 8.5 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది, పాలియెస్టర్ పట్టుకునేది 0.4 శాతం మాత్రమే. చెన్నై ఉక్కలో దాని అర్థమేమిటో మీకు వేరే చెప్పనక్కరలేదు. పదహారేళ్లప్పుడు ఓర్చుకున్నది యాభై ఏళ్లకు ఓర్చుకోవలసిన అవసరం లేదు. ఆనాటి పాలియెస్టర్ మీద ఉన్నలాంటి పూలే అచ్చువేసిన నూలు గుడ్డ ఇక్కడి బట్టల బజారు గోడౌన్ వీధిలో వెతికితే దొరుకుతుంది, మీ తరఫున మేమే వెతికి తెస్తాము. బుట్ట చేతులకైతే నూలే మేలు, ఎందుకంటే గంజి పెట్టిన నూలు బుట్ట తనంతట తానే నిలబడుతుంది. జారుడు గుడ్డలో అది నిలవాలంటే లోపల నెట్ పెట్టాలి, అది చర్మానికి గీసుకుంటుంది.

అమ్మగారి పెళ్లి పట్టుచీరను లంగాగా మార్చమని తెచ్చేవారికి ఒక మనవి. అన్ని చీరలకూ మేము ఒప్పుకోలేము. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టు ఆ గీత వెంట చిట్లుతుంది, చూపుకు తెలియదు. చీరను వెలుతురుకు ఎదురుగా పట్టి, మడత గీతకు రెండువైపులా బొటనవేళ్లతో నెమ్మదిగా లాగి చూస్తాము. పడుగు (నిలువు దారాలు) విడిపోతే కత్తెర పెట్టము. జరీ మటుకు గట్టిగా ఉంటే, దానిని విప్పి కొత్త పట్టుకు అంచుగా వేస్తాము. పాతకాలపు అసలు జరీలో వెండి తీగ మీద బంగారు పూత ఉంటుంది కాబట్టి దానిని పారేయడం మంచిది కాదు. ఇంట్లో ఇలాంటి చీరలున్నవారు ఏడాదికి రెండు మూడుసార్లు మడత మార్చి, ఉతికిన తెల్ల నూలుగుడ్డలో చుట్టి ఉంచుకోండి.

మగవారి బెల్‌బాటం ప్యాంట్ల గురించి చెప్పవలసింది తక్కువ. మోకాలి నుంచి కిందికి వెడల్పును లోపలి కుట్టు, బయటి కుట్టు రెండింటిలోనూ సమానంగా పెంచకపోతే ప్యాంటు కాలిచుట్టూ తిరుగుతుంది, ఆ జాగ్రత్త మేము తీసుకుంటాము. మీరు చూసుకోవలసింది పొడవు. అప్పట్లో ఎత్తు మడమల బూట్ల మీద వేసుకునేవారు, ఇప్పుడు చదునైన చెప్పుల మీద వేసుకుంటున్నారు, ఆ తేడాతో అంచు నేలను ఊడుస్తుంది. కాబట్టి ట్రయల్‌కు వచ్చేటప్పుడు ఆ ప్యాంటుతో వేసుకోబోయే చెప్పులను గానీ, బూట్లను గానీ తెచ్చుకోండి. ఆడవారు లోపల వేసుకునే బాడీ కూడా ఆ రోజు వేసుకోబోయేదే అయి ఉండాలి, ఎందుకంటే అది మారితే జాకెట్టు డాట్లు మళ్లీ విప్పవలసి వస్తుంది. సంక్రాంతికి లంగా ఓణీలు కావలసినవారు గుడ్డను కార్తిక మాసంలోనే ఇవ్వండి. ఇప్పటికే ఆర్డరు ఇచ్చినవారికి పాత కూలే వర్తిస్తుంది. వారు కోరితే కొత్త కొలతలు, ట్రయల్ అదనపు కూలి లేకుండా చేసి ఇస్తాము.