అమ్మే పడవకు సామాను చిట్టా ఒక్కటే చాలదు

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇల్లు వదిలి కటమరాన్ అనే జంట దేహాల తెరచాప పడవ మీద కాపురం పెట్టిన కుటుంబాల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని నేనూ నా భార్యా రెండుసార్లు చదివాము. ఏడేళ్లు అలాంటి పడవ మీదే ఉండి, నిరుడు దానిని అమ్మి ఒడ్డు చేరినవాళ్లం కనుక, అందులోని చాలా సంగతులు మా సంగతుల్లాగే అనిపించాయి. అయితే కొనదలచినవారు "అన్ని హంగులూ ఉన్న" పడవను చూసుకుంటే చాలునని చివర ఇచ్చిన సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను. అమ్మకపు ప్రకటనలో కొనేవారికి అన్నిటికన్నా తక్కువ ఉపయోగపడే మాట అదేనని ఒకసారి అమ్మినవాడిగా చెప్పగలను. ప్రతి వస్తువు పక్కన దాని వయసు, చివరిసారి సర్వీసు చేయించిన తేదీ, బరువు రాసి, పడవకున్న లోపాలను వేరే కాగితం మీద పెట్టి, ఆ తర్వాతే ధర చెప్పడం అమ్మేవారి బాధ్యత అని నా అభిప్రాయం.

మొదట మేమూ ఆ పని చేయలేదు. మా పడవ పొడవు 13 మీటర్లు, వెడల్పు 7 మీటర్లు. అమ్మకానికి పెట్టినప్పుడు మూడు పేజీల చిట్టా తయారు చేశాము: సౌర ఫలకాలు, లిథియం బ్యాటరీలు, సముద్రపు నీటిని తాగునీరుగా మార్చే యంత్రం, రాడార్, ఆటోపైలట్, చిన్న జనరేటరు, వాషింగ్ మెషీను, రెండు అదనపు లంగర్లు, చివరికి తెరచాపలకు మాసికలు వేసుకునే కుట్టుమిషను కూడా. కొనడానికి ముందుకొచ్చినవారు రివాజు ప్రకారం ధరలో పదో వంతు మధ్యవర్తి ఖాతాలో ఉంచి, తమ ఖర్చుతో పడవలను పరీక్షించే ఒక సర్వేయరును పంపారు. క్రేనుతో పడవను పైకెత్తించి స్టాండ్ల మీద నిలబెట్టాక ఆయన మా చిట్టాను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. సాయంత్రం దాకా మళ్లీ బయటికి తీయలేదు.

ఆయన తీసింది చిన్న ప్లాస్టిక్ సుత్తి. డెక్కు మీద మోకాళ్లూని, జానెడుకొక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోయారు. టక్, టక్ అని గట్టిగా పలుకుతూ వచ్చిన డెక్కు, అంచున రెయిలింగును నిలబెట్టే ఒక స్టీలు కడ్డీ పాదం దగ్గరికి వచ్చేసరికి డొల్ల కుండలా పలికింది. ఇలాంటి పడవల డెక్కు చాలావరకు రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య తేలికైన బాల్సా చెక్కనో ఫోమునో పెట్టి చేసినదే. స్క్రూల చుట్టూ నీరు చొరకుండా వేసిన సీలెంటు ఎండి పగిలితే, వాన చినుకు కూడా ఆ సందులోంచి దిగి లోపలి చెక్కను నానబెడుతుంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. ఆ కడ్డీ పక్కన కూర్చుని మేము ఎన్ని సాయంత్రాలు టీ తాగామో లెక్కలేదు, కింద చెక్క మెత్తబడుతున్న సంగతి మాత్రం మాకు తెలియలేదు.

తర్వాత ఆయన కుడివైపు హల్‌లో నేలపలక ఎత్తారు. హల్ అంటే నీటిలో తేలే రెండు సన్నని దేహాలలో ఒకటి. పలక కింద చారెడు నీరు నిలిచి ఉంది. వేలు ముంచి నాలుకకు తాకించుకుని ఉమ్మేసి, "తియ్యగానే ఉంది" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు పోయిన ప్రాణం లేచివచ్చింది. ఉప్పగా ఉంటే సముద్రం ఎక్కడినుంచో లోపలికి వస్తున్నట్టు. తియ్యగా ఉంటే వాననీరో, తాగునీటి ట్యాంకు కారుతున్నదో అయి ఉండాలి. మా పడవలో గొట్టం మీది క్లిప్పు వదులైంది, స్క్రూడ్రైవరుతో రెండు నిమిషాల పని. ఆ రోజు సర్వేయరు చూసినవాటిలో ఒక్కటి కూడా మా మూడు పేజీలలో లేదు.

ఇక బరువు సంగతి, ఇది కటమరాన్లకు ప్రత్యేకమైనది. ఒంటి హల్ ఉన్న తెరచాప పడవకు అడుగున సీసంతోనో ఇనుముతోనో చేసిన, కీల్ అనే బరువైన రెక్క ఉంటుంది. గాలికి ఒరిగినా ఆ బరువే దానిని మళ్లీ నిలబెడుతుంది. కటమరానుకు ఆ బరువు ఉండదు, రెండు హల్స్ ఎడంగా ఉండడమే దాని స్థిరత్వం. అందుకే అది పెద్దగా ఒరగదు, బల్ల మీది గ్లాసు బల్ల మీదే ఉంటుంది, కాపురానికి అంత సుఖంగానూ ఉంటుంది. (ఒకవేళ పెద్ద అల తిరగేస్తే మాత్రం తనంతట మళ్లీ లేవదు, ఈ మాటనూ ప్రకటనలలో చూడము.) సన్నని హల్స్ కనుక బరువు కొంచెం పెరిగినా లోతుకు కుంగుతాయి. మా పడవంతటి దానిని ఒక సెంటీమీటరు ముంచడానికి దాదాపు పావు టన్ను చాలు. పది మిల్లీమీటర్ల లావు లంగరు గొలుసు మీటరుకు రెండు కిలోల పైచిలుకు తూగుతుంది కనుక, వంద మీటర్ల గొలుసు ఒక్కటే ఆ సెంటీమీటరులో చాలా భాగాన్ని తినేస్తుంది. దానికి నిండు నీటి ట్యాంకులు, జనరేటరు, వెనక వేలాడే రబ్బరు పడవ, దాని ఇంజను, డబ్బాల్లో నూనెలు, పుస్తకాలు, పనిముట్లు కలుపుకోండి. హల్స్ రెండింటినీ కలిపే మధ్య డెక్కు అడుగుభాగం నీటికి దగ్గరవుతుంది, ఎదురు అలల్లో ఆ అడుగుభాగానికి నీరు వచ్చి గుద్దుకుంటుంది. రాత్రిపూట మంచం కింద ఎవరో దుడ్డుకర్రతో మోదినట్టుండే ఆ చప్పుడు విన్నవారికే తెలుస్తుంది.

కటమరాన్ అనే మాట తమిళంలోని కట్టుమరం నుంచి వచ్చింది. దుంగలను తాళ్లతో కట్టిన తెప్పకు అది పేరు; రెండు హల్స్ ఉన్న పడవకు ఆ పేరు తర్వాత అంటుకుంది, ఆ రూపం మాత్రం పసిఫిక్ దీవులవారిది. 1876లో అమెరికాలో నతానియెల్ హెరెషాఫ్ అనే నావల రూపశిల్పి తయారుచేసిన అమరిల్లిస్ అనే జంట హల్స్ పడవ పందెంలో మామూలు పడవలను వెనక్కి నెట్టింది. ఓడినవారు గొడవ చేయడంతో దాని గెలుపును రద్దు చేశారు. ఆ వేగానికి మూలం తేలికదనం. అందులో వాషింగ్ మెషీను లేదని వేరే చెప్పనక్కరలేదు. మేము మాత్రం ఏడేళ్లలో నీటిగీతకు (నీరు పడవను తాకే మట్టానికి) పైన, నాచు పట్టకుండా వేసే రంగును రెండుసార్లు పైకి జరిపాము. పడవ కుంగుతోందన్న నిజాన్ని ఒప్పుకోలేక గీతను జరిపినట్టే కదా. అమ్మేవారిని కొనేవారు అడగవలసిన మంచి ప్రశ్నలలో ఇదొకటి: ఆ గీత మొదట ఎక్కడ ఉండేది?

వయసు విషయానికి వస్తే, పడవ మీది ప్రతి వస్తువుకూ ఒక ఆయుష్షు ఉంటుంది. తెరచాప స్తంభాన్ని నిలబెట్టే స్టీలు తీగలకు పదేళ్లు దాటితే చాలా బీమా సంస్థలు వాటిని మార్చారా అని అడుగుతాయి. ఇంజను శక్తిని ప్రొపెల్లరుకు చేర్చే సెయిల్‌డ్రైవ్ పడవ అడుగున ఒక పెద్ద రంధ్రంలోంచి దిగుతుంది, ఆ రంధ్రానికీ సముద్రానికీ మధ్య ఉండేది ఒక రబ్బరు డయాఫ్రం. వోల్వో పెంటా తన సెయిల్‌డ్రైవ్‌లకు దానిని 7 ఏళ్లకోసారి మార్చమంటుంది. కటమరానుకు ఇంజన్లు రెండు కనుక ఆ ఖర్చూ రెండింతలే. ప్రాణరక్షక తెప్ప గడువు లోపల సర్వీసు కాకపోతే అది డెక్కు మీద ఉన్న తెల్లపెట్టె మాత్రమే. సముద్రపు నీటిని వడకట్టే యంత్రంలోని పొరను కొన్ని వారాలు వాడకుండా, నిల్వ రసాయనం పట్టించకుండా వదిలేస్తే అందులో సూక్ష్మజీవులు పెరిగి పాడవుతుంది. క్లోరిన్ కలిసిన ఒడ్డునీటితో కడిగినా పాడవుతుంది. చిట్టాలో మాత్రం అది ఎప్పటికీ "తాగునీటి యంత్రం, గంటకు 60 లీటర్లు" గానే నిలిచి ఉంటుంది.

లిథియం బ్యాటరీల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ రోజుల్లో ప్రకటనలన్నీ వాటితోనే మొదలవుతున్నాయి. అవి మంచివే: సీసపు బ్యాటరీలో సగం దాకానే వాడుకోవడం క్షేమం కాగా, వీటిలో ఐదింట నాలుగు వంతులు వాడుకోవచ్చు, బరువూ తక్కువ. అయితే అవి ఇంజను మీద కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు నుంచి ఇవ్వగలిగినంతా లాగేసుకుంటాయి, అదుపు లేకపోతే ఆల్టర్నేటరు కాలిపోతుంది. బ్యాటరీలోని రక్షణ వ్యవస్థ ఛార్జింగును హఠాత్తుగా తెంచేస్తే ఆల్టర్నేటరులోని డయోడ్లు దెబ్బతింటాయి. కాబట్టి బ్యాటరీ సామర్థ్యం ఎన్ని ఆంపియర్ అవర్లు అన్నదానికన్నా ఎవరు బిగించారు, ఛార్జింగును అదుపు చేసే రెగ్యులేటరు ఏది పెట్టారు, తీగల పటం ఉందా అన్నవే అసలు ప్రశ్నలు. మా పడవలో ఆ పటం నేనే పెన్సిలుతో గీశాను. కొన్నవారు దానిని చూసి, బ్యాటరీలను చూసినప్పటికన్నా ఎక్కువ సంతోషించారు.

నివాసానికి తగినదా కాదా అన్నది గదుల సంఖ్య మీద తేలదు. నాలుగు గదులు, నాలుగు మరుగుదొడ్లు ఉన్న అమరిక సాధారణంగా సెలవులకు అద్దెకిచ్చే పడవలది. ఒక హల్ మొత్తాన్ని యజమానికి వదిలిన మూడు గదుల అమరికే ఏడాది పొడవునా ఉండేవారికి హాయి. అద్దెకు తిరిగిన పడవ చెడ్డదని అనను, దాని ఇంజన్ల గంటలు మాత్రం చూడాలి.

సర్వే అయ్యాక మేము సిగ్గుపడి, లోపాల పట్టీ ఒకటి రాశాము. మెత్తబడిన డెక్కు, ఎడమవైపు పెద్ద వానలో చెమర్చే కిటికీ, ఎక్కువ ఎండలో తడబడే ఆటోపైలట్, పైకి జరిపిన నీటిగీత, అన్నీ కలిపి పదకొండు. ఆ పట్టీని ప్రకటనలోంచి తీసేయమని మా బ్రోకరు గట్టిగానే చెప్పారు, ధర పడిపోతుందన్నారు. మేము తీయలేదు. ధర కొంత తగ్గించవలసి వచ్చిన మాట నిజమే, కానీ బేరం ఒక్క పూటలో ముగిసింది, తర్వాత ఫిర్యాదు రాలేదు. పైపెచ్చు, సామాను మీద పెట్టిన డబ్బులో సగం కూడా మాకు ధరలో తిరిగి రాలేదు. పెట్టినదంతా వస్తుందని అనుకునే అమ్మకందారులకు ఈ సంగతి ముందే తెలియడం మంచిది.

కాగితాలు కూడా సామానే. కట్టినవారి ధ్రువపత్రం, చేతులు మారిన ప్రతిసారీ రాసుకున్న విక్రయపత్రం, అప్పులేమీ లేవన్న రుజువు, పాత జెండా రిజిస్ట్రీ (పడవ అంతకుముందు నమోదైన దేశపు పట్టిక) నుంచి తొలగించినట్టు పత్రం, ఇవన్నీ వరుస తప్పకుండా ఉండాలి. యూరోపియన్ యూనియన్ జలాలలో అమ్మితే వ్యాట్ చెల్లించినట్టు రుజువు లేని పడవకు ఆదరణ తక్కువ. బయటి దేశాలవారు తాత్కాలికంగా తెచ్చిన పడవకు అక్కడ మామూలుగా దొరికే గడువు 18 నెలలు. ఇకమీదట ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు పడవ బొమ్మ పక్కన ఈ వివరాలకూ నాలుగు వాక్యాల చోటివ్వవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను.

ఇంత చెప్పిన నేను కూడా ఒకటి మరిచిపోయాను. ఆపదలో 406 మెగాహెర్ట్జ్ మీద ఉపగ్రహాలకు సంకేతం పంపే ఈపర్బ్ అనే పరికరం మా చిట్టాలో 31వ వస్తువు. అది పడవ పేరు మీద, యజమాని ఫోను నంబరుతో సహా నమోదై ఉంటుంది. పడవ చేయి మారితే నమోదు మార్చాలి, జెండా, అంటే నమోదైన దేశం, మారితే పరికరం లోపలి గుర్తింపు కోడునూ మార్పించాలి. అమ్మిన నాలుగు నెలలకు ఒక అర్ధరాత్రి ఫోను మోగింది. ఎత్తితే అవతల ఒక సముద్ర రక్షణ కేంద్రం. పడవలో ఎంతమంది ఉన్నారు, ఎవరికైనా గాయాలయ్యాయా అని నిదానంగా, స్పష్టంగా అడుగుతున్నారు. నేను మంచం మీద దుప్పటి కప్పుకుని ఉన్నాను. పడవ అమ్మేశానని తడబడుతూ చెప్పి, కొన్నవారి నంబరు ఇచ్చాను. వారు డెక్కు కడుగుతూ ఆ పరికరాన్ని దాని చట్రంలోంచి తీసి తడిచోట పెట్టారట; చట్రంలో లేకుండా తడిస్తే అది తనంతట మొదలవుతుంది. మా చిట్టాలో 31వ వరుసలో నేను రాసినది ఇది: "ఈపర్బ్, ఒకటి, బాగా పనిచేస్తుంది."

ఇట్లు,
మీ పాఠకుడు