స్లెడ్ తోయడానికి కాస్త మట్టి నేల వదలండి

ఎడిటర్ గారికి నమస్తే,

మన కడపలో ఈమధ్య పొద్దున్నే గ్రౌండ్‌కొచ్చే పిల్లోళ్లు ఇనప స్లెడ్ (చక్రాల్లేకుండా కింది పట్టీల మీద నేలపై జారే బండి) మీద బరువు ప్లేట్లు పేర్చి తోస్తా ఉన్నారు, బండలాగుడు పోటీలు చూసి పెరిగినోళ్లం కాబట్టి మనకిది వింతేం కాదు, కాకపోతే ఇక్కడ ఎద్దులు కూడా మనమే. మంచి ఎక్సర్‌సైజే. బరువు ఎత్తి దించే పని లేదు కాబట్టి మర్నాడు ఒళ్లునొప్పులు తక్కువ, తొడలు పిక్కలతో పాటు ఆయాసం కూడా బాగా వస్తాది.

కానీ అందరూ ప్లేట్లే లెక్కేసుకుంటారు, కింద నేల ఏందో చూడరు. నున్నటి నాపబండల మీద జర్రున పోయిన అదే 40 కిలోలు గడ్డి మీద మొరాయిస్తాయి, ఇసకలో అయితే ముందు భాగం దిగబడతాది, వానపడిన నల్లరేగడి గురించి చెప్పనే అక్కర్లేదు, కింది పట్టీలకు బంక అంటుకుని స్లెడ్ కదిలితే ఒట్టు. సిమెంటు మీద గరగరా చప్పుడు, పైగా పట్టీలు అరిగిపోతాయి. అందుకే నేల మారితే ముందు ప్లేట్లు తగ్గించి ఒక 10 మీటర్లు తోసి చూసుకోవాల. హ్యాండిల్ కిందికి పట్టుకుంటే ఇంకా కష్టం.

సింథటిక్ ట్రాక్ మీద మాత్రం వద్దు సామీ, ఇనుము గీసుకుంటే పైపొర లేచిపోతాది. అధికారులు గ్రౌండ్లలో ఓ పక్కన 20 మీటర్ల మట్టి నేల చదును చేసి ఇస్తే చాలు, పెద్ద ఖర్చు కూడా కాదు. చెప్పులేసుకుని తోసేవాళ్లకి కూడా మీ పేపర్లో ఓ మాట చెప్పండి సార్, జారితే మూతి పగుల్తాది.

- ఒక పాఠకుడు, కడప