రణథంభోర్ యాత్ర: ఈ సీజనులో చేస్తున్న మార్పులు

మా ప్రయాణికులందరికీ నమస్కారం.

వానాకాలం మూడు నెలలూ మూసి ఉంచిన, రాజస్థాన్‌లోని రణథంభోర్ పులుల అడవిలో ప్రధాన సఫారీ జోన్లు అక్టోబరు 1న తెరుచుకుంటాయి. ఆలోపే మీకు రెండు విషయాలు చెప్పాలి.

నిరుడు మా కరపత్రం మీద ‘పులిని చూసి రండి’ అని వేశాం. అలా వేయడం నా తప్పు. మా ద్వారా ప్యాలెస్ ఆన్ వీల్స్ అనే విలాస రైలు ఎక్కిన కుటుంబాలు అడవి దగ్గరి స్టేషను సవాయి మాధోపూర్‌లో పొద్దున్నే దిగి, మూడు గంటలు అడవిలో తిరిగి, పులి కనిపించక చిన్నబోయిన ముఖాలతో బోగీకి చేరుకున్నాయి. ఆ రోజే రైలు చిత్తోడ్‌గఢ్ దారి పట్టింది. 1982 నుంచి నడుస్తున్న ఆ రైలు మర్యాదల్లో ఏ లోటూ లేదు. కానీ వారం రోజుల్లో అన్ని ఊళ్లు చుట్టివచ్చే బండికి ఒక్క అడవి కోసం ఆగే తీరిక ఉండదు. ఈ మాట టికెట్టు కొనకముందే మీకు చెప్పి ఉండాల్సింది.

అందుకని, అడవే ముఖ్యం అనుకునేవారికి వేరే దారి పెట్టాను. జైపూర్ దాకా విమానం, అక్కడినుంచి సుమారు రెండు గంటల రైలు ప్రయాణం, రెండు రాత్రుల బస, మూడు సఫారీలు. ఇరవై మంది కూర్చునే క్యాంటర్ కాకుండా ఆరుగురు పట్టే జిప్సీలే తీసుకుంటాను. అయినా పులి కనిపిస్తుందని మాట ఇవ్వను. పద్మ తలావ్ చెరువు ఒడ్డున పులి జాడ పసిగట్టిన కణితి జింక తోక నిక్కబొడుచుకుని ఒక్కసారి అరిచినప్పుడు, పైన కొండముచ్చులు అందుకున్నప్పుడు, జీపులో ఊపిరి బిగబట్టి కూర్చోవడం ఉంటుంది చూడండి, అది నాకు ఎన్నిసార్లు వెళ్లినా తనివితీరదు. డిసెంబరు, జనవరిలో వెళ్లేవారు స్వెట్టరుతో సరిపెట్టుకోకండి. పైకప్పు లేని బండిలో ఆ చలి ఎముకలు కొరుకుతుంది.

ఇక రెండోది ఊరి సందర్శన. నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇదే.

దీపావళికి నాలుగు రోజుల ముందు ఇరవై రెండు మందిని ఒకే ఇంటి ముంగిట్లోకి తీసుకెళ్లాను. అక్కడి మీణా తెగ ఆడవాళ్లు అలికిన గోడల మీద మాండణా వేస్తారు. మన ముగ్గుకు చుట్టమే అనిపిస్తుంది. ఆ ఇల్లాలు సున్నపు నీళ్లలో ముంచిన దూదిని అరచేతిలో నొక్కిపట్టి, వేలి కొసమీదుగా తెల్లటి ధారను జారవిడుస్తూ నెమలిని దిద్దుతోంది. ఎర్రమట్టి గోడ మీద మెడ, రొమ్ము తేలాయి. అంతలో ఇన్ని ఫోన్లు పైకి లేచాయి. ఆమె ముసుగు లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. నెమలికి తోక లేదు. వేలినుంచి జారిన సున్నపు చుక్కలు గడపదాకా పడి ఉన్నాయి.

వాళ్ల పండుగ పనిని మేము చెడగొట్టాం. మొన్న ఆగస్టులో మళ్లీ వెళ్లి ఆ ఇంటివాళ్లతో కూర్చుని మాట్లాడాను. ఇకపై ఒక ఇంటికి ఆరుగురే వెళ్తారు. ఏ రోజు రావాలో వాళ్లే చెబుతారు. గౌరవంగా ఇవ్వాల్సిన డబ్బు మధ్యవర్తులు లేకుండా ఆ ఇంటివాళ్ల చేతికే ఇస్తాను. అడగనిదే ఫోటో తీయకూడదు. పిల్లలకు చాక్లెట్లు పంచకూడదు.

దీనివల్ల ఖర్చు కొంత పెరుగుతుంది. ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారి దగ్గర అదనంగా తీసుకోను. ఈ మార్పులు నచ్చనివారు సెప్టెంబరు 20లోపు ఫోను చేస్తే కట్టిన మొత్తం వెనక్కి ఇస్తాను. ఆ తరువాత అటవీశాఖ దగ్గర మీ పేరుతో సఫారీ సీటు తీసుకుంటాను. ఆ సొమ్ము మాత్రం తిరిగి రాదు.